సుస్థిర సేద్యపద్ధతుల స్వీకరణ: ‘అవగాహన లోపం’ అనే వాదంపై విమర్శ

వ్యాససంగ్రహం:

నేలను, నీటిని, రైతు ఆదాయాన్ని కాపాడే సేద్యపద్ధతులు ఎందుకు ఆశించినంతగా వ్యాపించలేదన్న ప్రశ్నకు మన వ్యవసాయ విస్తరణ సాహిత్యం తరచుగా ఇచ్చే సమాధానం ‘రైతులలో అవగాహన లోపం’. ఈ సమాధానం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగునేలపై గత మూడు దశాబ్దాలలో ప్రయోగించిన మూడు పద్ధతులు, అంటే శ్రీ వరి, పురుగుమందులు లేని సేద్యం, ప్రకృతి వ్యవసాయం ఇందుకు ఆధారం. స్వీకరణకు దోహదం చేసినవీ, అడ్డుపడినవీ ప్రధానంగా రైతు మనసులో కాక, నీటి ఏర్పాటులోను, కూలి పనిలోను, అప్పులోను, కౌలులోను, సబ్సిడీలోను ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుస్థిర వ్యవసాయం, స్వీకరణ, శ్రీ వరి, ప్రకృతి వ్యవసాయం, కౌలు రైతు, మహిళా సంఘాలు, సబ్సిడీ.

1. ఉపోద్ఘాతం:

వ్యవసాయ శాఖ కరపత్రాలలోను, శిక్షణ పుస్తకాలలోను, పరిశోధన నివేదికల ముగింపులలోను ఒక వాక్యం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. రైతులకు అవగాహన కల్పించాలన్నది ఆ వాక్యం. నీరు వృథా అయితే అవగాహన లేదు. యూరియా అధికంగా వేస్తే అవగాహన లేదు. పురుగుమందు మోతాదు మించితే అవగాహన లేదు. రోగమేదైనా మందు ఒకటే అయినప్పుడు ఆ నిర్ధారణను శంకించడం విమర్శకుని బాధ్యత.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. అవగాహన లేదని చెప్పబడే అదే రైతు, కొన్నేళ్ళ వ్యవధిలోనే వరికోత యంత్రాన్ని, కలుపు మందును, వెదజల్లే వరిని, చరవాణిని స్వీకరించాడు. ఇవేవీ తాతల నాటివి కావు. కొత్తదనం పట్ల విముఖతే కారణమైతే ఇవి కూడా ఆగిపోవాలి. ఇవి సాగి, నేలకు మేలుచేసే పద్ధతులు ఆగిపోయాయంటే, కారణాన్ని రైతులో కాక ఆ పద్ధతికీ రైతు పరిస్థితికీ మధ్య ఉన్న సంబంధంలో వెదకాలి.

2. స్వీకరణ సిద్ధాంతం – పరిభాషలోని పక్షపాతం:

మన విస్తరణ శాస్త్ర బోధనకు మూలాధారంగా నిలిచినది ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన నవకల్పనల వ్యాప్తి సిద్ధాంతం. ఒక కొత్త పద్ధతి వ్యాపించాలంటే పాతదానికన్నా లాభం ఉండాలి, ఉన్న జీవనంతో పొసగాలి, సంక్లిష్టత తక్కువగా ఉండాలి, కొద్దిపాటి నేలలో పరీక్షించి చూసే వీలుండాలి, ఫలితం కంటికి కనిపించాలి అని ఆయన ఐదు లక్షణాలను చెప్పాడు. ఈ ఐదూ నేటికీ ఉపయోగపడే కొలమానాలే. ఈ వ్యాసం కూడా వాటిని వాడుకుంటుంది.

చిక్కు ఆ సిద్ధాంతం మనుషులను విభజించిన తీరులో ఉంది. ముందుగా చేపట్టినవారు ‘నవకల్పకులు’, చివర మిగిలినవారు ‘వెనుకబడినవారు’. పద్ధతి మంచిదన్న తీర్పు ముందే జరిగిపోయింది కనుక, చేపట్టనివాడు దోషి అవుతాడు. ఈ పక్షపాతాన్ని రోజర్స్ స్వయంగా తన గ్రంథం తరువాతి కూర్పులలో చర్చించాడు. కొత్తది ఎప్పుడూ మేలే అనుకోవడం, లోపాన్ని వ్యవస్థకు కాక వ్యక్తికి అంటగట్టడం ఈ రంగపు పరిశోధనలోని దోషాలని ఒప్పుకున్నాడు. మన పాఠ్యపుస్తకాలకు ఐదు వర్గాల పట్టిక చేరినంతగా ఈ ఆత్మవిమర్శ చేరలేదు.

ఈ సిద్ధాంతానికి పునాది వేసిన అధ్యయనాన్ని కూడా గమనించాలి. అది 1943లో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనంపై చేసిన పరిశీలన. సంకర విత్తనం సంచిలో వస్తుంది. ఒక రైతు ఒంటరిగా కొనవచ్చు, ఒంటరిగా విత్తవచ్చు. పక్క చేను రైతు ఏం చేసినా అతని ఫలితం పెద్దగా మారదు. సుస్థిర పద్ధతులలో అధిక భాగం ఇలాంటివి కావు. కాలువ నీటిని పొదుపు చేయడం, పురుగును ఊరంతటా అదుపు చేయడం, పశువుల మేతకు బీడును కాపాడుకోవడం ఒంటరిగా కొనగలిగే సరుకులు కావు. సంచిలో వచ్చే వస్తువుకు తయారైన కొలతతో సంచిలో పట్టని పనిని కొలిచినందువల్లనే, లోటు రైతు అవగాహనలో ఉన్నట్లు కనిపించింది.

3. శ్రీ వరి – నీరు, నారు, కూలి:

మడగాస్కర్‌లో 1980లలో హెన్రీ డి లలానీ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు రూపొందించిన వరి సాగు విధానం, 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం చొరవతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో ‘శ్రీ వరి’గా పరిచయమైంది. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, నిలువ నీటికి బదులు ఆరుతడి, కలుపును నేలలోనే కలిపివేసే వీడరు, సేంద్రియ ఎరువు దీని లక్షణాలు. ఎకరాకు 20 కిలోలకు పైగా వాడే విత్తనం రెండు కిలోలకు తగ్గుతుంది. నీరు, విత్తనం ఆదా అవుతాయి. లాభం కంటికి కనిపించేదే, కొద్ది నేలలో పరీక్షించగలిగినదే. అయినా అది ప్రధాన పద్ధతి కాలేకపోయింది. కారణాలను మూడుగా విభజించవచ్చు.

మొదటిది నీటి ఏర్పాటు. డెల్టాలలోను, చెరువుల కింద ఆయకట్టులోను నీరు ఒక మడి నుంచి మరొక మడికి పారుతుంది. పైమడి వాడు నిలువ నీరు పెట్టినప్పుడు కిందిమడి వాడు ఒక్కడే ఆరుతడి పాటించలేడు. బోరు కింద నీటిపై అదుపు ఉన్నా, కరెంటు వచ్చే గంటలు రైతు చేతిలో లేని కాలమది. ఎప్పుడు పోతుందో తెలియని కరెంటుకు మడి నిండా నీరు పెట్టుకోవడమే ధీమా. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలైంది. రైతుకు ఊరటనిచ్చిన ఆ నిర్ణయం వల్లనే, నీటిని ఆదా చేసిన రైతుకు డబ్బు రూపంలో మిగిలేది లేకుండా పోయింది. ఆదా అయిన భూగర్భజలం అందరిది, ఆదా చేసే శ్రమ ఒక్కడిది.

రెండవది నారు. పాతపద్ధతిలో నారు నెలరోజుల వరకు ఆగగలదు. వాన ఆలస్యమైనా, కాలువ వదిలే తేదీ మారినా ముదురు నారుతోనైనా నాటు పడుతుంది. పన్నెండు రోజుల నారుకు ఈ వెసులుబాటు లేదు. అదను తన చేతిలో లేని రైతుకు లేత నారు ప్రమాదకరం. శాస్త్రం దృష్టిలో మెరుగైన లక్షణమే రైతు దృష్టిలో నష్టభయంగా మారింది.

మూడవది కూలి. మన గ్రామాలలో వరి నాటు ఆడకూలీల ముఠాలు గుత్తకు పట్టే పని. ఎకరం ఎంత త్వరగా ముగిస్తే ముఠాకు అంత గిట్టుబాటు. గీతలు గీసిన మడిలో ఒక్కొక్క మొక్కను జాగ్రత్తగా పెట్టడం ఆ లెక్కకు పొసగదు. మరొకవైపు, కలుపుతీత స్త్రీలకు దక్కే పని. వీడరు వచ్చిన చోట అది ఎక్కువగా మగవారి చేతికి మారింది. బరువు నేలల్లో ఆ వీడరును నెట్టడం మగవారికీ కష్టమే. ఇలా ఒక పద్ధతి కొందరి పనిదినాలను తగ్గించి, మరికొందరి శ్రమను పెంచి, ఇంకొందరి వేగాన్ని తగ్గించింది. శిక్షణ మాత్రం భూమి ఉన్న రైతుకే సాగింది. నాటు వేసే చేతులను శిక్షణకు పిలవకుండా, నాటు సరిగా పడలేదని రైతు అవగాహనను తప్పుపట్టడం న్యాయం కాదు.

తరువాతి కాలంలో కూలీల కొరత పెరిగి, డ్రమ్ సీడరు, వెదజల్లే పద్ధతి, నాటు యంత్రం వచ్చాయి. వెదజల్లే పద్ధతిలో కలుపు మందు అనివార్యమైంది. రైతు మార్పుకు సిద్ధంగానే ఉన్నాడని, శ్రమను తగ్గించే మార్పునే ఎంచుకున్నాడని దీనివల్ల అవగతమవుతుంది.

4. పురుగుమందులు లేని సేద్యం – అప్పు, ఊరుమ్మడి:

శ్రీ వరికి భిన్నమైన అనుభవం పురుగుమందులు లేని సేద్యానిది. తెలంగాణ మెట్ట ప్రాంతాలలో ఆముదపు చేలను నాశనం చేసే ఎర్ర గొంగళి పురుగు దీనికి తొలిపాఠం. ఈ పురుగు కోశస్థ దశలో నేలలో దాగి, తొలకరి వానలకు రెక్కల పురుగై ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ రాత్రులలో మంటలు వేస్తే వెలుగుకు వచ్చి పడి చస్తుంది. ఒక్క చేనులో వేస్తే చాలదు, ఊరంతా ఒకే సమయంలో వేయాలి. స్వచ్ఛంద సంస్థల చొరవతో ఇలా ఊరుమ్మడిగా చేసిన చోట్ల ఫలితం కనిపించింది. ఇక్కడ స్వీకరించినది ఒక రైతు కాదు, ఒక ఊరు.

ఖమ్మం ప్రాంతంలోని పునుకుల ఈ మార్గంలో ప్రసిద్ధి పొందింది. పత్తి, మిరప పంటలపై పురుగుమందుల ఖర్చుతో అప్పులపాలైన ఆ ఊరు, వేపగింజల కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు వంటివాటితో క్రమంగా మందులు మానివేసి, 2004 నాటికి తనను తాను పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. జనగామ ప్రాంతంలోని ఏనబావి మరొక అడుగు వేసి రసాయన ఎరువులను కూడా విడిచింది. ఈ అనుభవాల వెలుగులో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరింపజేసింది.

దీని విజయానికి కారణం రైతుల అవగాహన హఠాత్తుగా పెరగడమా? అప్పు నిర్మాణాన్ని పరిశీలిస్తే వేరే సమాధానం లభిస్తుంది. చాలా గ్రామాలలో పురుగుమందు అమ్మే దుకాణదారుడే సలహాదారుడు, అతడే అప్పిచ్చేవాడు. పంట వచ్చాక లెక్క తీర్చే ఒప్పందంపై మందు దొరుకుతుంది. వేపగింజలు ఏరి, దంచి, కషాయం తయారుచేసే కూలికి అలాంటి అప్పు దొరకదు. కాబట్టి మందు మానడం అంటే ఒక వస్తువును మానడం మాత్రమే కాదు, ఒక రుణసంబంధం నుంచి బయటపడడం. మహిళా సంఘాలకు పొదుపు, అప్పు ఇచ్చే శక్తి ఉన్నందువల్ల ఆ సంబంధానికి ప్రత్యామ్నాయం ఏర్పడింది. బోధన అదే అయినా, బోధించిన సంస్థకు రైతును నిలబెట్టే ఆర్థిక బలం ఉండడం ఇక్కడి విశేషం. పైగా, ఈ మార్పు చేతి నుంచి డబ్బు బయటికి పోవడాన్ని మొదటి పంటలోనే తగ్గించింది. ఫలితం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిన అవసరం రాలేదు.

5. ప్రకృతి వ్యవసాయం – లక్ష్యం, లెక్క, పశువు:

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సుభాష్ పాలేకర్ పద్ధతి ఆధారంగా మొదలైన కార్యక్రమం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని పంచుకున్న మూడింటిలో ఇది ఒకటి. అనుభవమున్న రైతులే తోటి రైతులకు గురువులు కావడం, మహిళా సంఘాలను ఆధారం చేసుకోవడం, వానలకు ముందే పొడినేలలో నవధాన్యాలు విత్తి నేలను పచ్చగా కప్పి ఉంచడం దీని బలాలు. పైన చెప్పిన పాఠాలను ఈ కార్యక్రమం చాలావరకు గ్రహించిందని ఒప్పుకోవాలి.

అయితే 2018లో ప్రకటించిన లక్ష్యం, 2024 నాటికి 60 లక్షల రైతులను, 80 లక్షల హెక్టార్లను ఈ పద్ధతిలోకి తేవడం. గడువు దాటింది, లక్ష్యం అందలేదు. లక్ష్యం అంత పెద్దదైనప్పుడు లెక్కింపే సమస్య అవుతుంది. ఒక పంటకు బీజామృతం పట్టించిన రైతు, జీవామృతంతోపాటు యూరియా కూడా వేసిన రైతు, విత్తనం నుంచి విత్తనం వరకు రసాయనమే ముట్టని రైతు ఒకే అంకెలో చేరితే ఆ అంకె ఏమీ చెప్పదు. కార్యక్రమమే ‘విత్తనం నుంచి విత్తనం వరకు’ అనే వర్గాన్ని వేరుచేసి చూడడం సరైన అడుగు. సగం దారిలో ఉన్న రైతును అసంపూర్ణుడిగా కాక, తన నష్టభయాన్ని తానే కొలుచుకుంటున్న పరీక్షకుడిగా చూడడం అవసరం.

మరొక ప్రశ్న పశువుది. ఎకరాకు వాడే 200 లీటర్ల జీవామృతానికి పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి కావాలి. పరిమాణం కొద్దిదే. కానీ ట్రాక్టరు ఎడ్లను, వరికోత యంత్రం మేతకు పనికివచ్చే గడ్డిని తగ్గించాయి. దొడ్డి ఖాళీ అయిన ఇంట్లో మూత్రం పట్టి, పిండి కలిపి, రోజుకు రెండుసార్లు తిప్పే పని ఎవరు చేయాలి? సాధారణంగా ఆ ఇంటి స్త్రీ. ‘పెట్టుబడి లేని సేద్యం’ అన్న పేరులో ఈ శ్రమ లెక్కకు రాలేదు. గ్రామంలోనే కషాయాలు తయారుచేసి అమ్మే దుకాణాల ఏర్పాటు ఈ లోటును గుర్తించినందువల్లనే జరిగింది.

దిగుబడి విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతి శాస్త్రీయంగా నిరూపితం కాలేదని అభ్యంతరం తెలిపింది. శాస్త్రజ్ఞులకు సందేహం ఉండవచ్చు గానీ రైతుకు ఉంటే అది అవగాహన లోపం అవుతుందా?

6. కౌలు, సబ్సిడీ – కనిపించని కంచెలు:

మూడు అనుభవాలకూ ఉమ్మడి నేపథ్యం కౌలు. నేలలో సేంద్రియ పదార్థం పెరగడానికి ఏళ్ళు పడుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాలలో కౌలు ఒప్పందం ఎక్కువగా నోటిమాటపై, ఏడాది కాలానికే సాగుతుంది. ఈ ఏడు పచ్చిరొట్ట వేసి, గట్టున చెట్టు పెంచి, నేలను బాగుచేసిన కౌలుదారు వచ్చే ఏడు అదే చేనులో ఉంటాడన్న నమ్మకం లేదు. నేల బాగుపడితే కౌలు పెరగవచ్చు కూడా. తాను నాటిన చెట్టు నీడలో మరొకరు కూర్చునే ఏర్పాటులో చెట్టు నాటమని బోధించడం వ్యర్థం.

2011 నాటి సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డును, 2019 నాటి చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రాన్ని ఇచ్చాయి. రెండవదానికి యజమాని సమ్మతి అవసరం. హక్కు పోతుందేమోనన్న భయంతో సంతకానికి వెనుకాడే యజమానుల వల్ల అది చాలామందికి అందలేదు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు సహాయం పట్టాదారుకే చేరింది. పదకొండు నెలల హక్కుతో పదేళ్ళ నేల ఆరోగ్యాన్ని ఆశించడంలోని వైరుధ్యాన్ని గుర్తించాలి.

సబ్సిడీ కూడా ఇటువంటిదే. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది. అసలు ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. ఫలితంగా భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగి, యూరియా వాడకం మొగ్గు మరింత పెరిగింది. బస్తా కొన్న రైతుకు బస్తాతో పాటు ప్రభుత్వ ధనం అందుతుంది. పేడ ఎరువు తోలుకున్న రైతుకు ఆ వాటా లేదు. యూరియాకు ధర ద్వారా ‘వేయండి’ అని, కరపత్రం ద్వారా ‘తగ్గించండి’ అని ప్రభుత్వం ఏకకాలంలో చెబుతున్నది. రైతు ధరను చదువుతున్నాడు.

భోజనం పళ్ళెం సంగతీ ఇంతే. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. అదే సమయంలో జొన్న, సజ్జ తినే ఇళ్ళలోకి వరి అన్నాన్ని తెచ్చి మెట్ట పంటల గిరాకీని తగ్గించింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడుపడిన నేలలను సాగులోకి తెచ్చి, స్థానిక జొన్నలనే ఊరి పేదలకు పంచే ధాన్యనిధిని నడిపాయి. పండించడం, తినడం ఒకే చేతిలో ఉన్నప్పుడు పద్ధతి నిలుస్తుందని ఆ అనుభవం రుజువు చేసింది.

7. అవగాహన స్థానం:

ఇంతవరకు చేసిన వాదం అవగాహన అక్కరలేదని చెప్పడం లేదు. మిత్రపురుగును శత్రుపురుగు నుంచి వేరుగా గుర్తించడం నేర్చుకోవలసిన విద్యే. పొలంబడులు ఆ విద్యను చేలోనే, చూపుతూ నేర్పాయి. అవగాహన అవసరమే గానీ చాలదు. అది పనిచేయాలంటే రైతుకు పాటించగల స్థితి ఉండాలి.

ఆజ్ఞ కూడా దానికి ప్రత్యామ్నాయం కాదు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని హఠాత్తుగా నిషేధించి, దిగుబడులు పడిపోవడంతో కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది. సేంద్రియ ఎరువు, శిక్షణ, సమయం సమకూర్చకుండా రాత్రికి రాత్రి మార్పు కోరడం వల్ల నష్టపోయినవారు రైతులే. బోధనతో సరిపెట్టడం, ఆజ్ఞతో బెదిరించడం పైకి భిన్నంగా కనిపించినా, రెండూ రైతు పరిస్థితిని మార్చకుండా రైతును మార్చాలని చూసేవే.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చేతిఖర్చును మొదటి పంటలోనే తగ్గించిన పద్ధతి త్వరగా వ్యాపించింది. శ్రమను, నష్టభయాన్ని ముందుగా అడిగి, లాభాన్ని తరువాత ఇచ్చే పద్ధతి ఆగిపోయింది.

2. నీరు, పురుగు, మేత వంటి విషయాలలో స్వీకరణకు ప్రమాణం ఊరు కావాలి, రైతు కాదు.

3. రుణం ఇవ్వగల సంఘం అండ ఉన్నచోట బోధన ఫలించింది.

4. నాటు వేసే, కలుపు తీసే, కషాయం కాచే స్త్రీల శ్రమను లెక్కించని పద్ధతి ఖర్చును తక్కువ చేసి చూపుతుంది.

5. కౌలు భద్రత, బస్తాకు కాక సేద్యానికి చెందే సహాయం, స్థానిక పంటను కొనే ఏర్పాటు లేకుండా సుస్థిరత సాధ్యం కాదు.

సాగు వదిలేసే కౌలుదారు, అప్పు తీరని పత్తి రైతు మన విస్తరణ పరిభాషలో ‘వెనుకబడినవారు’గా నమోదవుతున్నారు. వారు కార్యక్రమాల వెంట రాలేదా, లేక కార్యక్రమాలే వారి చేను దాకా రాలేదా అన్న ప్రశ్నను పరిశోధకులు ముందుగా వేసుకోవాలి. రైతు ఎందుకు మారడం లేదని అడిగే ప్రతి అధ్యయనం, మారడానికి అతనికి ఏమి అడ్డం వస్తున్నదో కూడా అదే శ్రద్ధతో నమోదు చేసిననాడు మన విస్తరణ శాస్త్రం రైతుకు ఉపకరిస్తుంది.